కళ్ళ కింద పూసుకుంటున్నది ఏమిటో చదివారా?

పాఠకులారా, ఈ వ్యాసంలో ముందుకు వెళ్ళే ముందు ఒక చిన్న పని చేయండి. కళ్ళ కింద నలుపు పోవడానికో, ముడతలు తగ్గడానికో మీరు గానీ మీ ఇంట్లో వారు గానీ రాత్రిపూట రాసుకుంటున్న క్రీము ట్యూబును చేతిలోకి తీసుకుని, దాని మీద చిన్న అక్షరాలలో అచ్చువేసిన మందుల పేర్లు చదవండి. చత్వారం ఉన్నవారు కళ్ళజోడు పెట్టుకునే చదవండి, ఎందుకంటే ఆ అక్షరాలు చదవడానికి వీలుగా వేసినవి కావు. బీటామెథాసోన్, మొమెటాసోన్, డెక్సామెథాసోన్, ఫ్లుటికాసోన్, క్లోబెటసాల్, ఫ్లుసినోలోన్ అన్న పేర్లలో ఏ ఒక్కటి కనిపించినా మీరు పూసుకుంటున్నది సౌందర్య సాధనం కాదు, స్టెరాయిడ్ ఔషధం. ట్యూబు మీద పేర్లే లేకపోతే, లేదా అది ఏ పార్లర్‌లోనో చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చినదైతే, అది మరింత అనుమానించదగినది.

నా అభియోగం ఇది. దేహం మొత్తం మీద అతి పలుచనైన చర్మానికి, చర్మాన్ని పలుచన చేసే మందును, అందం పేరుతో, ఎన్నాళ్ళు వాడాలో చెప్పకుండా, ఎవరు పడితే వారు అంటగడుతున్నారు. కొనేవారికి ఆ సంగతి తెలియదు. అమ్మేవారిలో కొందరికి తెలియదు, కొందరికి బాగా తెలుసు. ముడతలు తగ్గాలని మొదలుపెట్టిన పూతే కొన్ని నెలల్లో ఆ చర్మాన్ని సిగరెట్టు కాగితంలా ముడతలుపడేట్లు చేస్తుంది. అంతటితో ఆగితే ఇంత ఘాటుగా రాయవలసిన అవసరం ఉండేది కాదు. అది కంటిచూపు దాకా పోగలదు.

కనురెప్పల చర్మం మందం సుమారు అర మిల్లీమీటరు. వీపు మీద చర్మం అంతకు ఎన్నో రెట్లు దళసరి. కంటికింద నూనె గ్రంథులు తక్కువ, చర్మం అడుగున కొవ్వు పొర దాదాపు లేదు. వెంటనే కండరం, దానిమీద సన్నని రక్తనాళాలు ఉంటాయి. రోజుకు కొన్ని వేల సార్లు రెప్ప వేస్తాము, నవ్వుతాము, ఎండకు కళ్ళు చికిలిస్తాము, నిద్రమత్తులో నలుపుతాము. ఇంత పనిచేసే చోట గీతలు ముందుగా పడడంలో వింత లేదు. అది వ్యాధి కాదు. నలభై దాటిన మనిషి కంటి చివర గీత లేకపోతేనే నాకు ఆశ్చర్యం.

పలుచని చర్మం ద్వారా మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు 1967లోనే హైడ్రోకార్టిసోన్‌ను శరీరంలో వేర్వేరు చోట్ల పూసి కొలిచారు. ముంజేతి మీద ఇంకిన దానితో పోలిస్తే నుదుటి మీద 6 రెట్లు, దవడ మూల దగ్గర 13 రెట్లు ఇంకింది. చేతిమీద చర్మ సమస్యకు పనికివచ్చిన క్రీమును ముఖానికి రాసుకుంటే అది అదే మోతాదు అవుతుందని అనుకోవడం ఎంత పొరపాటో ఈ అంకెలు చెబుతాయి.

అయితే అంత మంచి ఫలితం కనిపిస్తుందేమిటి అని మీరు అడుగుతారు. కనిపిస్తుంది, అదే మోసం. స్టెరాయిడ్ పూసిన చోట రక్తనాళాలు ముడుచుకుంటాయి, చర్మం తెల్లబారుతుంది, వాపు తగ్గుతుంది. స్టెరాయిడ్ పూతమందుల బలాన్ని ప్రయోగశాలలో కొలిచే పద్ధతి కూడా ఇదే. చర్మాన్ని అది ఎంత తెల్లగా పాలిపోయేట్లు చేస్తే అంత శక్తిమంతమైన మందని లెక్క. 1962లో మెకెంజీ, స్టౌటన్ ఈ పరీక్షను వివరించారు. కనుక వారం రోజుల్లో మీ చెల్లెలి ముఖం కళకళలాడిందంటే అది ఆరోగ్యపు కళ కాదు. ఆ మందు బలం ఎంతో చూపించే కొలత అది.

తరువాతి కథ ఎప్పుడూ ఒకే తీరుగా నడుస్తుంది. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ తయారీని స్టెరాయిడ్ అణచివేస్తుంది. పైపొర పలుచనై అడుగున ఉన్న నాళాలు ఎర్రని దారాల్లా బయటపడతాయి. మొటిమలు, సన్నని వెంట్రుకలు వస్తాయి. ఎండలోకి వెళితే మంట. మానేద్దామని రెండు రోజులు ఆపితే ముఖమంతా ఎర్రబడి, ఉబ్బి, మండుతుంది. భయపడి మళ్ళీ రాస్తారు, చల్లబడుతుంది. ‘ఈ క్రీము లేకపోతే నా ముఖం ఊరుకోదు’ అని నమ్మకం స్థిరపడుతుంది. దీనికి స్టెరాయిడ్ మీద ఆధారపడిన ముఖం అని మన దేశపు చర్మవైద్యులే పేరు పెట్టవలసి వచ్చింది. కలకత్తాకు చెందిన కౌశిక్ లాహిరి, అరిజిత్ కుందు ఈ పేరును ప్రచారంలోకి తెచ్చారు. ఒక దేశపు వైద్యులు తమ మందుల దుకాణాల నుంచి పుట్టిన జబ్బుకు పేరు వెతుక్కోవడం గర్వించదగిన సంగతి కాదు.

ఇక కన్ను. కనురెప్పల మీద, కంటికింద నెలల తరబడి పూసిన స్టెరాయిడ్ కొంత కంటిలోకి చేరుతుంది. కంటిలోపలి నీరు బయటికి పోయే సన్నని జల్లెడ మూసుకుపోయి లోపలి పీడనం పెరుగుతుంది. ఇది నీటికాసుల జబ్బు. దీని దుర్మార్గం ఏమిటంటే నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు పక్కల నుంచి మెల్లగా తరిగిపోతుంది. ఎదురుగా ఉన్నది స్పష్టంగానే కనిపిస్తూ ఉంటుంది కనుక మనిషికి తెలియదు. తెలిసేనాటికి దృష్టినాడిలో పోయిన తంతువులు తిరిగి రావు. స్టెరాయిడ్ కంటిచుక్కలు కొన్ని వారాలు వేసినప్పుడు సుమారు మూడింట ఒక వంతు మందిలో కంటి పీడనం కొంతైనా పెరుగుతుందనీ, నూటికి నలుగురైదుగురిలో బాగా పెరుగుతుందనీ ఎన్నడో తేలింది. పూతలో చేరే మోతాదు చుక్కలలో అంత ఉండకపోవచ్చు. కాని చుక్కలు వారాలు వేస్తారు, క్రీములు ఏళ్ళు రాస్తారు. పైగా ఆ నలుగురైదుగురిలో మీరు ఉన్నారో లేదో ముందుగా చెప్పే గుర్తు మీ ముఖం మీద రాసి ఉండదు. నీటికాసుల జబ్బు ఉన్న తల్లిదండ్రులకు పుట్టినవారికీ, మధుమేహం ఉన్నవారికీ, కంటిజోడు మైనస్ నంబరు ఎక్కువగా ఉన్నవారికీ ప్రమాదం అధికం. దీర్ఘకాలం వాడితే శుక్లం కూడా రావచ్చు. శుక్లాన్ని శస్త్రచికిత్సతో తీసివేయగలం. పోయిన దృష్టినాడిని తెచ్చిపెట్టగల శస్త్రచికిత్స లేదు.

ఇది ఎక్కడో ఒకరిద్దరికి జరిగే ముచ్చట కాదు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో దేశంలోని 12 చర్మవైద్య కేంద్రాలకు ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలిస్తే 433 మంది అప్పటికే ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నారు. వారిలో సగానికి పైగా వైద్యులు కానివారి సలహాతో మొదలుపెట్టినవారే.

ఆ సలహాదారులు ఎవరో మనకు తెలుసు. పెళ్ళి కుదిరిన ఇంట్లో మూడు నెలల ముందే హడావిడి మొదలవుతుంది. ‘అమ్మాయి కళ్ళ కింద నల్లగా ఉంది, ఫోటోల్లో బాగుండదు’ అని మేనత్త అంటుంది. పక్కింటావిడ తన కూతురికి పనిచేసిన ట్యూబు పేరు చెబుతుంది. మందుల షాపులో కుర్రవాడు అదే పేరు గల ఇంకొకటి చేతిలో పెట్టి ‘ఇది ఇంకా ఫాస్ట్’ అంటాడు. అక్షింతల నాటికి ముఖం మెరుస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ అమ్మాయి ఎండలోకి రాలేదు. అప్పుడు మేనత్త ఉండదు, మందుల షాపు కుర్రవాడు మారిపోయి ఉంటాడు. నింద మాత్రం ఆ పిల్ల చర్మం మీద పడుతుంది. ‘దానిది మొదటినుంచీ సున్నితమైన చర్మమే’ అంటారు.

మా వృత్తివారిని వదిలిపెట్టి ఇతరులను అనడం న్యాయం కాదు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీము ఒకటి ఉంది. దాని మూలం 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ ప్రకటించిన సూత్రం. మంగు మచ్చలకు, చర్మవైద్యుని పర్యవేక్షణలో, కొన్ని వారాల పాటు మాత్రమే వాడవలసిన మందు అది. సరిగా వాడితే మంచి మందే. మా వారే కొందరు ఎప్పుడు ఆపాలో రాయకుండా చీటీ ఇచ్చారు. ఆ చీటీ మూడేళ్ళు తిరిగింది, వదినలు, తోటికోడళ్ళు, హాస్టలు స్నేహితురాళ్ళు దాని మీదే కొన్నారు. మంగు మచ్చల మందు కంటికింద నలుపుకు, ముడతలకు, చివరికి మెడ నలుపుకు మందైపోయింది. ఆపవలసిన తేదీ రాయని స్టెరాయిడ్ చీటీని నేను సగం చీటీ అంటాను.

చట్టం లేదా అంటే ఉంది. పూతమందుల రూపంలోని స్టెరాయిడ్లకు ఒకప్పుడు ఉన్న వెసులుబాటును కుదిస్తూ 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ 14 స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. ఆ పట్టికలోని మందును వైద్యుని చీటీ లేకుండా చిల్లరగా అమ్మరాదు. ఆ హెచ్చరిక ట్యూబు మీదే అచ్చువేసి ఉంటుంది. హెచ్చరికను చేతివేలితో కప్పి అమ్మే దేశంలో ఇంకొక హెచ్చరిక ఏమి చేస్తుందని నిట్టూర్చేవారున్నారు. నాకు ఆ నిట్టూర్పు నచ్చదు. తనిఖీ చేసే అధికారులు ఉన్నారు, లైసెన్సులు ఉన్నాయి, బిల్లు ఇచ్చే బాధ్యత ఉంది. చీటీ లేకుండా ఇచ్చిన ట్యూబుకు బిల్లు అడగండి. ఎంతమంది ఇస్తారో చూడండి.

‘చర్మవైద్యుని ఫీజు ఎక్కడ, ముప్పై నలభై రూపాయల ట్యూబు ఎక్కడ?’ అన్న ప్రశ్న ఒక్కటే నన్ను ఆలోచనలో పడవేస్తుంది. మండల కేంద్రంలో చర్మవైద్యుడు ఉండడు. పట్నం వెళ్ళాలంటే ఒక రోజు కూలి పోతుంది. మందుల షాపే ఊరికి దగ్గరి ఆస్పత్రి. ఈ మాట నిజం. దీనికి సమాధానం ప్రభుత్వ ఆస్పత్రుల్లో చర్మవైద్యం అందుబాటులోకి తేవడం. అది లేదు కనుక విషం అందుబాటులో ఉండనీ అనడం సమాధానం కాదు. పైగా కంటికింద ముడత అత్యవసరం కాదు. చేతిలో డబ్బు లేనప్పుడు దానికి చేయదగిన ఉత్తమ వైద్యం ఏమీ పూయకపోవడం.

డబ్బున్నవారి సంగతి వేరు. వారిని మోసగించేది 15 మిల్లీలీటర్ల గాజు సీసా. ఇందులో సాధారణంగా స్టెరాయిడ్ ఉండదు కనుక ప్రమాదం తక్కువ, ధర ఎక్కువ. ఏ తేమ క్రీమైనా చర్మపు పైపొరలో నీటిని నిలిపి దాన్ని కాస్త ఉబ్బిస్తుంది. సన్నని గీతలు కొన్ని గంటలు కనిపించవు. ఎండుద్రాక్షను నీళ్ళలో వేసినట్లే. ప్రకటనలోని మాటలు జాగ్రత్తగా వినండి. ‘ముడతలను తగ్గిస్తుంది’ అనరు, ‘ముడతలు కనిపించే తీరును తగ్గిస్తుంది’ అంటారు. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం సౌందర్య సాధనం పని శుభ్రపరచడం, ఆకర్షణ పెంచడం, రూపాన్ని మార్చడం. అంతకు మించి జబ్బును నయం చేస్తానంటే అది ఔషధమై, ఔషధపు పరీక్షలన్నీ దాటవలసి వస్తుంది. ఆ జాగ్రత్త కోసమే అంత మెలికల భాష. కొల్లాజెన్ క్రీము మరీ హాస్యాస్పదం. 500 డాల్టన్ల కంటే బరువైన అణువు ఆరోగ్యకరమైన చర్మం గుండా సులభంగా దూరదు. కొల్లాజెన్ అణువు బరువు సుమారు 3 లక్షల డాల్టన్లు. గుమ్మంలో పట్టని ఏనుగును పెరట్లో కట్టేస్తామని అమ్ముతున్నారు.

మరి ముడతలు తెచ్చేది ఏమిటి? వయసు కొంత, వంశం కొంత, మిగిలినదంతా చాలావరకు ఎండ. 2012లో ఒక అమెరికా వైద్యపత్రికలో 69 ఏళ్ళ లారీ డ్రైవరు ఛాయాచిత్రం అచ్చయింది. ఆయన 28 ఏళ్ళు బండి నడిపాడు. కిటికీ వైపున్న ఎడమ చెంప లోతైన ముడతలతో వేలాడుతూ ఉంది. కుడి చెంప పదేళ్ళకు పైగా చిన్న వయసువాడిదిలా ఉంది. ఒకే మనిషి, ఒకే వయసు, ఒకే తిండి. తేడా అద్దం గుండా వచ్చిన ఎండ మాత్రమే. ఎండను సూటిగా కందజేసే కిరణాలను కిటికీ అద్దం ఆపుతుంది, కాని ముడతలు తెచ్చే యూవీఏ కిరణాలను చాలా మటుకు పోనిస్తుంది. మనకు డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, కాబట్టి మన ఆటో, బస్సు, లారీ డ్రైవర్ల కుడి చెంప చూడండి.

ఎండనుంచి కాపాడుకుంటే లాభం ఉందా అన్నదానికీ జవాబు ఉంది. ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణంలో 55 ఏళ్ళ లోపు 903 మందిని తీసుకుని, కొందరిని రోజూ సన్‌స్క్రీన్ పూయమని, మిగిలినవారిని వారి ఇష్టానికి వదిలి, నాలుగున్నరేళ్ళు గమనించారు. రోజూ పూసినవారి చర్మం ముదిరిన తీరు 24 శాతం తక్కువ అని 2013లో ప్రకటించారు. ముడతల వ్యాపారంలో ఇంత గట్టి సాక్ష్యం ఉన్న మరో వస్తువు నాకు కనబడదు. కంటి దగ్గరకు జింక్ ఆక్సైడ్ ఉన్నది తక్కువ మండుతుంది. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 30తో పాటు పీఏ పక్కన ప్లస్ గుర్తులు ఎక్కువ ఉన్నది ఎంచుకోండి. అది కొనలేనివారికి గొడుగు, వెడల్పు అంచు టోపీ, తలపాగా ఉన్నాయి. యూవీ 400 అని రాసిన నల్లకళ్ళజోడు చర్మంతో పాటు కన్నునూ కాపాడుతుంది. రోడ్డుపక్క కొన్న వట్టి నల్లద్దాలు మాత్రం వద్దు. వాటి చీకటికి కంటిపాప విప్పారి, ఆపని కిరణాలు ఇంకా ఎక్కువ లోపలికి పోవచ్చు.

పొగ మానండి, కళ్ళు నలుపుకోవడం మానండి. కాటుకను బరబర రుద్ది తుడవకండి. కొబ్బరినూనె చుక్క వేసి మెత్తగా తీయండి. నలభై దాటి పేపరును దూరం పెట్టి కళ్ళు చికిలించి చదివేవారు చత్వారపు జోడు పెట్టించుకోండి. వయసు బయటపడుతుందని జోడు వాయిదా వేసి, కళ్ళు చికిలించి గీతలు తెచ్చుకునే పెద్దమనుషులను ఎందరినో చూశాను.

కంటికింద నలుపు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే స్టెరాయిడ్‌కు దారి ఎక్కువగా అక్కడే తెరుచుకుంటుంది. నలుపు అన్నది ఒక జబ్బు పేరు కాదు. చేతి టార్చిని ముఖానికి ఎదురుగా వేసుకుని అద్దంలో చూడండి. నలుపు మాయమైతే అది గుంట నీడ. నీడకు ఏ క్రీమూ పనిచేయదు. మీ అమ్మకూ అమ్మమ్మకూ అలాగే ఉంటే అది వంశపు రంగు. తుమ్ములు, కళ్ళ దురద ఉండి ఎప్పుడూ రుద్దుకుంటూ ఉంటే ఎలర్జీకి వైద్యం చేయించాలి. నీరసం, పాలిపోవడం ఉంటే హీమోగ్లోబిన్ చూపించాలి. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తం లేని పిల్లకు తెల్లబరిచే క్రీము కొనిపెట్టే ఇంటిని ఏమనాలి? పొద్దున లేవగానే కళ్ళ చుట్టూ ఉబ్బు రోజూ కనిపిస్తే, ముఖ్యంగా పిల్లల్లో, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించండి. అది మూత్రపిండాల జబ్బుకు మొదటి గుర్తు కావచ్చు. పెద్దల్లో థైరాయిడ్ కూడా చూడాలి. మరో విపరీతం కూడా జరిగింది. కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబరిచే క్రీములు వాడినవారిలో మూత్రపిండాల జబ్బు రావడాన్ని అక్కడి వైద్యులు గుర్తించి 2023లో బయటపెట్టారు. అనుమానం ఆ క్రీముల్లోని పాదరసం మీద.

నిమ్మరసం, బంగాళాదుంప రసం, టూత్‌పేస్టు కంటికింద పూయమని ఫోన్లలో తిరిగే సలహాలకు నా దగ్గర ఒక్క వాక్యమే ఉంది: వంటింటిది కనుక నిరపాయం అనుకుంటే మిరపకాయ కూడా వంటింటిదే.

నిజంగా పనిచేసే వైద్యం లేదని నేను అనను. ట్రెటినాయిన్ ఎండకు ముదిరిన చర్మంలో సన్నని ముడతలను కొంత తగ్గిస్తుంది. నెలలు పడుతుంది, మండుతుంది, కంటి అంచుకు తగలకూడదు, గర్భిణులు వాడకూడదు. కంటి చివరి గీతలకు బోట్యులినమ్ ఇంజెక్షన్ మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. కంటికింద కొవ్వు ముందుకు వచ్చి సంచుల్లా ఉంటే దానికి శస్త్రచికిత్స ఒక్కటే దారి. కంటికింద గుంటలు నింపే ఫిల్లర్ ఇంజెక్షన్ పొరపాటున రక్తనాళంలోకి పోతే చూపు పోయిన సందర్భాలు వైద్యసాహిత్యంలో ఉన్నాయి. అలాంటి సూదిని పార్లర్‌లో, ప్రదర్శనలో, తగ్గింపు ధరకు వేయించుకోవడం తెలివితక్కువ పని అని సౌమ్యంగా చెప్పడం నావల్ల కాదు.

ఇప్పటికే ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నవారు ఈ వ్యాసం చదివి భయపడి ఒక్కసారిగా ఆపి, మంట పుట్టగానే మళ్ళీ మొదలుపెట్టవద్దు. ఎంతకాలంగా, రోజుకు ఎన్నిసార్లు పూస్తున్నారో కాగితం మీద రాసుకుని, ఆ ట్యూబునూ వెంట తీసుకుని చర్మవైద్యుని దగ్గరకు వెళ్ళండి. మెల్లగా మానిపించే పద్ధతులు ఉన్నాయి. నెలలు పట్టవచ్చు. రెండు మూడు నెలలకు మించి కళ్ళ దగ్గర రాసినవారు కంటివైద్యుని దగ్గరకు కూడా వెళ్ళాలి. అక్కడ ‘చూపు బాగానే ఉంది’ అనకండి. ‘కళ్ళ చుట్టూ స్టెరాయిడ్ క్రీము వాడాను, కంటి పీడనం కొలిచి దృష్టినాడిని చూడండి’ అని అడగండి. పీడనం కొలవడానికి కొన్ని నిమిషాలు చాలు.